భవాని పేట్‌లో ఎగపోసిన కారు

రెండేళ్ల కిందట, నవంబరు మూడో వారంలో, సోలాపూర్ భవాని పేట్‌లో ఒక పాత హైబ్రిడ్ కారును తనిఖీ చేసి రమ్మని నాకు ఆదేశం వచ్చింది. అప్పుడు నేను ఒక బీమా కంపెనీ మోటారు విభాగంలో సీనియర్ తనిఖీ అధికారిని. పదవీ విరమణకు ఇంకా మూడు నెలలున్నాయి. సీనియర్ అంటే ఏమీ లేదు, బండి కిందికి దూరే పని అప్పటికీ నాదే. కాకపోతే దూరేటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ‘సాబ్, పైలం’ అంటారు.

బీమా గడువు దాటిపోయిన బండికి మళ్లీ బీమా ఇవ్వాలంటే కంపెనీ మనిషి వెళ్లి కళ్లారా చూడాలి. నాలుగు మూలల నుంచి ఫొటోలు తీయాలి. చాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చును ఫారానికి అంటించాలి. చివరి గడిలో ‘బీమాకు తగును’ అనో ‘తగదు’ అనో రాయాలి. బండి కొనవచ్చునా అన్న గడి మా ఫారంలో లేదు. జనం మాత్రం అదొక్కటే అడుగుతారు.

ఈసారి అడిగింది నర్సయ్య. ఇంట్లోనే ఎనిమిది మరమగ్గాల మీద చద్దర్లు నేయిస్తాడు. ఆయన భార్య రాజవ్వ నాకు దూరపు వరుసలో అక్క, కాబట్టి ఆయన బావ. చుట్టాల బళ్లు తనిఖీ చేయరాదని మాకు నియమముంది. అది రాసినవారు భవాని పేట్‌ను చూసి ఉండరు. ఇక్కడున్నవి తెలంగాణ నుంచి తరాల కిందట వలస వచ్చిన నేత కుటుంబాలే, వరుసలన్నీ లెక్కపెట్టి వదిలేస్తే నాకు తనిఖీకి ఒక్క స్కూటరు కూడా మిగలదు. పై అధికారికి సంగతి చెప్పే వెళ్లాను.

సోలాపూర్‌లో చలికాలమంటే ఫ్యానును ఒక నంబరు తగ్గించే కాలం. దేశమంతటికీ చద్దర్లు కప్పే ఊరికి సరైన చలి కూడా రాదు. కానీ రాజవ్వకు ఆ కాస్త చలే ఎక్కువ. ముప్పై ఏళ్లు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టింది. తెల్లవారి చల్లగాలి తగిలితే ఊపిరి అందక ఎగపోస్తుంది. హైదరాబాదులోని ఛాతీ డాక్టరు శివరాత్రి దాకా పదిహేను రోజులకొకసారి రమ్మన్నాడు. అంతకుముందు చలికాలంలో బస్సులో, మూతపడని కిటికీ పక్కన కూర్చుని వెళ్లింది. చూపించుకోవడానికి వెళ్లిన మనిషిని అటునుంచి అటే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. అందుకే నర్సయ్యకు కారు కావలసి వచ్చింది. అది దారిలో ఆగిపోకూడదు. ఆగితే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

నేను వెళ్లేసరికే బండికి ఒక తనిఖీ అయిపోయింది. నర్సయ్య, ఆయన ఇద్దరు తమ్ముళ్లు కలిసి చేశారు. బానెట్ ఎవరూ ఎత్తలేదు. సీటు గుడ్డ నుంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్లతో కాల్చి, వాసన చూశారు. నూలు కాదు, పాలిస్టర్ అని తేల్చారు. నేత మాత్రం గట్టిదని ఒప్పుకున్నారు. పాత బళ్లు అమ్మిపెట్టే ఏజెంటు శ్రీనివాస్ ముఖం అప్పటికే వాడిపోయి ఉంది.

“పుణె డాక్టర్‌ది సాబ్. సింగిల్ హ్యాండ్, ఒక్కడే ఓనర్. ఆవాజే ఉండదు, ఎక్‌దం గప్‌చుప్,” అన్నాడు నన్ను చూడగానే.

ఆ మాట అతను అరిచి చెప్పవలసి వచ్చింది. ఆ గల్లీలో రెండు పక్కలా మగ్గాలు ఆడుతుంటే లారీ స్టార్ట్ చేసినా వినపడదు. అలాంటి చోట చప్పుడు చేయని బండి అని అమ్మడానికి ధైర్యం కావాలి.

చుట్టుపక్కలవాళ్లకు హైబ్రిడ్ అంటే ఏమిటో చెప్పాను. పెట్రోలు ఇంజనుకు తోడు ఒక పెద్ద బ్యాటరీ ఉంటుంది. ఈ కారులో అది వెనక సీటు వెనక ఉంది. అది వేడెక్కకుండా ఒక చిన్న ఫ్యాను, సీటు పక్కనున్న జాలీ గుండా కారులోని గాలిని లాగి దాని మీదికి పంపుతుంది. బ్యాటరీ మరీ వేడెక్కితే కారు నడక తగ్గించుకుంటుంది, ముదిరితే ఆగిపోతుంది. అందరూ తలలూపారు. తర్వాత డిక్కీలో ఎన్ని చద్దర్లు పడతాయని అడిగారు.

కొంతం చౌక్ దాకా నడిపి చూద్దామన్నాను. నర్సయ్య నా పక్కన కూర్చున్నాడు. వెనక శ్రీనివాస్, రాజవ్వ. ఎలాగూ కూర్చోవలసింది తనే కదా అని ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కింది. పేట దాటి, మగ్గాల మోత వెనకబడ్డాక, సిగ్నల్ దగ్గర ఆగాం. నేను మీటర్లు చూస్తున్నాను. ముప్పై మూడేళ్ల అనుభవం మీటర్లనే చూస్తుంది.

“తమ్మీ, ఈ బండి ఎగపోస్తున్నది,” అంది రాజవ్వ.

శ్రీనివాస్ నవ్వాడు. “ఏసీ ఆవాజ్ అక్కా, గంతే.”

“ఏసీ బందున్నది గదా. నా పక్కనున్న జాలీలకెల్లే వస్తున్నది. నాకు తెల్వదా? రోజూ ఇనేదే.”

సిగ్నల్ దగ్గర ఇంజను దానంతటదే ఆగి ఉంది. వెనక్కి వంగి చెవి పెట్టాను. పొద్దుటి చల్లదనంలో, రెండు కిలోమీటర్లు కూడా నడవని బండిలో, ఆ ఫ్యాను పూర్తి వేగంతో రొప్పుతోంది.

ఇంటికి తిరిగొచ్చి జాలీ ఊడదీశాను. లోపల చపాతీ మందాన దూది పేరుకుని ఉంది. ఆ జాలీని పొద్దుటి నుంచి ఎంతమంది చూశారో లెక్క లేదు. చాయ్ మీది దూదిని ఊది తాగే ఇళ్లలో దూదిని దోషమని ఎవరనుకుంటారు? నాకైతే అది మామూలు దుమ్ములాగే కనిపించింది. నర్సయ్య దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు పట్టి చూశాడు.

“ఇంట్ల దుమ్ము కాదు బామ్మర్దీ. చద్దర్ నూలు. ఎరుపు, పచ్చ రెండూ కల్సినయి. పువ్వుల నేత జకార్డ్ మాలుది. గింత మాలు మోసిన డాక్టర్ ఎవడయ్యా?”

శ్రీనివాస్‌కు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. మొదటి ఓనరు చద్దర్ల వ్యాపారి. వెనక సీటు నిండా, జాలీకి ఆనించి, కట్టలు పేర్చుకుని ఊళ్లు తిరిగేవాడు. డాక్టరు ఆ తర్వాత వచ్చాడట. సింగిల్ హ్యాండ్ అంటే ఒకరి తర్వాత ఒకరు అని నేను ఆ రోజే నేర్చుకున్నాను.

గడిలో ‘తగదు’ అని రాశాను. కారణం ఇంగ్లీషులో రాసి, తెలుగులో చదివి వినిపించాను: గాలి మార్గం మూసుకుపోయింది, బ్యాటరీ పరీక్ష అవసరం, వాహనాన్ని దూది ఎగిరే చోట ఉంచరాదు. కొనవద్దని నోటితో చెప్పాను. చివరి వాక్యం నాకే బాగా నచ్చి ఇంకోసారి చదివాను.

రాజవ్వ గడపలో కూర్చుని వింది. “మంచిగ రాసినవు తమ్మీ. బండిని దూదిల పెట్టొద్దు. నా మంచం యాడున్నదో చూసినవా?”

చూశాను. మగ్గానికి నాలుగడుగుల దూరంలో ఉంది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆ మంచం మీదే కూర్చుని చాయ్ తాగాను. నాకు సిగ్గేసింది. నర్సయ్య లేచాడు. తమ్ముణ్ణి పిలిచి మంచం ఒక కొస పట్టమన్నాడు. మేడ మీద ఒక గది ఉంది. అందులో నూలు కండెలు దుమ్ము పట్టకుండా, తలుపేసి, భద్రంగా దాచి ఉంచారు. ఆ పూటే నూలు కిందికి దిగింది, మంచం పైకెక్కింది.

ఆ చలికాలమంతా ఆమె కిటికీలు మూతపడే అద్దె కారులో హైదరాబాదు వెళ్లి వచ్చింది. ఒక్కసారి కూడా ఆసుపత్రిలో చేర్చుకోలేదు. ఆ హైబ్రిడ్ కారు ఇప్పుడు ఏదో ఊళ్లో పుణె ఇంజనీరుగారి బండిగా అమ్మకానికి ఉందని విన్నాను.

మిగిలిన మూడు నెలల్లో ఎక్కడికి తనిఖీకి వెళ్లినా, ఫారం తీయకముందే ఈ బండిలో కూర్చునేది ఎవరని అడిగి, కుదిరితే వాళ్లను ఎక్కించుకుని నడిపి చూశాను. వాళ్లు చెప్పింది రాయడానికి గడి లేదు కనుక ఫారం వెనకవైపు రాసేవాణ్ణి. అంతకు ముందు ముప్పై మూడేళ్లు ఆ వైపు ఖాళీగానే పంపాను.