పడుకుని పరుగెత్తిన కండక్టరు

మా బాబాయి బస్సు కండక్టరు. ఉద్యోగమంతా నిలబడే చేశాడు కాబట్టి ఆయన దృష్టిలో స్వర్గమంటే ఓ మంచం, దాని మీద తను, లేపేవాళ్ళు లేకపోవడం. అందుకే అంతరిక్ష పరిశోధనశాలవాళ్ళు రెండు నెలలు మంచం దిగకుండా ఉండే మనుషులు కావాలనగానే అందరికంటే ముందు వెళ్ళి ఒప్పేసుకున్నాడు. మంచం గురించి తప్ప ఇంకేమీ అడగలేదు. అడిగి చేసే అలవాటు మా ఇంటావంటా లేదు.

అంతరిక్షంలో కాళ్ళకు మోసే బరువుండదు. దాంతో ఎముకలు గుల్లవుతాయి, కండలు కరిగిపోతాయి. తల కాస్త పల్లంగా పెట్టి పడుకోబెడితే నేల మీద కూడా దాదాపు అదే జరుగుతుందట. అందుకని సగంమందిని ఊరికే పడుకోబెట్టి, మిగతా సగంమందితో వ్యోమగాముల వ్యాయామం చేయించి, తేడా చూస్తారు. చీటీలు తీస్తే పక్క మంచం పెయింటరుకి ఊరికే పడుకోవడం వచ్చింది. బాబాయికి వ్యాయామం వచ్చింది.

ఇక చూడాలి ఆయన పాట్లు. గోడకు నిలువుగా బిగించిన ట్రెడ్‌మిల్లు, భుజాలకు పట్టీలు, ఆ పట్టీలను దానివైపు లాగే స్ప్రింగులు. పడుకునే పరుగెత్తాలి. బెల్టు కదలగానే అలవాటు కొద్దీ "రైట్ రైట్" అనేవాడట. పెయింటరు దుప్పట్లో దూరి నవ్వేవాడు. ఆ నవ్వు బాబాయికి పుండు మీద కారం చల్లినట్టుండేది.

మూడో వారంలో పిన్నీ నేనూ చూడ్డానికి వెళ్ళాం. ఇంటికి తీసుకుపొమ్మని చిన్నపిల్లాడిలా బతిమాలాడు. ఎప్పుడైనా మానేయొచ్చని పరిశోధనశాలవాళ్ళు ముందే చెప్పారు. పిన్ని దులిపేస్తుందనుకున్నాను. ఆవిడ నెమ్మదిగానే అంది.

"రేపు పైనుంచి దిగేవాడు తన కాళ్ళ మీద తను నిలబడగలడా లేదా అన్నది మీ కాళ్ళను చూసే తేలుస్తారట. వద్దంటే చెప్పండి, ఇప్పుడే వెళ్ళిపోదాం."

బాబాయి నర్సుని పిలిచి పట్టీలు బిగించమన్నాడు.

రెండు నెలలూ నిండిన రోజు నేనూ వెళ్ళాను. అందర్నీ లేపి నిలబెట్టారు. పెయింటరు మొహం పాలిపోయి నర్సు మీదికి ఒరిగిపోయాడు. బాబాయి తూలాడు, తమాయించుకున్నాడు, నిలబడ్డాడు. ఇప్పుడు పగలబడి నవ్వుతాడని చూశాను. నవ్వకుండా పెయింటరుకి కుర్చీ ముందుకు జరిపాడు. ఆయన మీద నాకు మొదటిసారి గర్వం కలిగింది.

ఆ తర్వాత కొద్దిరోజులకు డాక్టరమ్మ ఇంటికి పంపినప్పుడు పిన్ని గేటు దగ్గర బండి మాట్లాడి ఉంచింది. పక్క వేసే వచ్చాననీ, వెళ్ళగానే పడుకోవచ్చనీ చెప్పింది.

"బండి పంపించెయ్," అన్నాడు బాబాయి. "నడిచి వెళ్దాం."