మూగబోయిన సినిమాకి మా పెద్దమ్మ మాటలు

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క, మా ఊళ్లో అందరికన్నా పొడుగు. మగవాళ్లని కూడా కలుపుకునే చెబుతున్నాను. అరకులో జీపెక్కి, అది ఆగిన చోట దిగి, ఇంకాస్త కొండెక్కితే వచ్చే చిన్న ఊరు మాది. అక్కడ ఏది ఎత్తాలన్నా ఆవిడకే కబురు. కాఫీ బస్తాలు, గోడ కట్టడానికి బండరాళ్లు, వానలకి దారి తెగిపోతే డోలీలో పురిటి మనిషి. పిలిస్తే వచ్చేది, ఎత్తేది, వెళ్లిపోయేది. పెదనాన్న పోయినప్పటి నుంచి మా ఇంట్లోనే ఉండేది. ఒకే ఇంట్లో పెరిగినా ఆవిడ నోట వరసగా నాలుగు మాటలు నేను విన్నది లేదు.

నేను పాడేరులో డిగ్రీ చదువుతూ వేసవి సెలవులకి ఇంటికొచ్చిన రోజులవి. మా ఊరి చర్చిలో పాస్టరు గారు పిల్లలకి తరగతులు పెట్టి, ఆఖరి రోజున సినిమా వేస్తానన్నారు. ప్రొజెక్టరు, స్పీకరు పెట్టె అరకు నుంచి తెచ్చి, గోడకి తెల్ల దుప్పటి కట్టి, కిటికీలకి గోనె సంచులు వేలాడదీశారు. చర్చికి వచ్చేవాళ్లూ, అమ్మోరికి తప్ప ఎవరికీ మొక్కనివాళ్లూ, అందరూ మధ్యాహ్నానికల్లా వచ్చి కూర్చున్నారు.

ఏదో ఇంగ్లీషు సినిమాకి తెలుగు మాటలు అతికించారు. అందులో హీరో నిజానికి వస్తాదట, టీవీలో కుర్చీలెత్తి కొట్టుకునే పోటీల్లో పేరున్నవాడట. మెడ కనిపించదు. ఒంటినిండా వెండి రంగు బట్టలు. మూకుడు లాంటి ఓడలో వేరే గ్రహం నుంచి దిగుతాడు. తప్పించుకుపోయిన వింత జంతువుని వెతుకుతూ, ఒక ముసలావిడా ఇద్దరు మనవలూ ఉన్న ఇంట్లో చేరతాడు. ఆ జంతువు ఉత్త రబ్బరు తొడుగని, వీపు మీద జిప్పు కూడా కనిపిస్తోందని అమ్మ చెవిలో అన్నాను. అమ్మ నోరు మూసుకోమంది.

కాసేపటికి ఆకాశం ఉరిమింది. వాన మొదలయ్యేసరికి అడవి నుంచి వస్తున్న పెద్దమ్మ అడ్డాకుల మోపుతో లోపలికొచ్చి, గుమ్మం పక్కన పిల్లల వెనకాల కూర్చుంది. ఊరికే కూర్చోవడం తెలియని మనిషి. వెదురు పుల్లలు తీసి విస్తళ్లు కుట్టడం మొదలుపెట్టింది. అంతలో దగ్గర్లో ఎక్కడో పిడుగు పడింది. కరెంటు పోయి వచ్చింది. బొమ్మ వచ్చింది గాని మాట రాలేదు. పాస్టరు గారు తీగలు పీకి మళ్లీ పెట్టారు, పెట్టెని రెండు చరుపులు చరిచారు. కాలిన వాసన వచ్చింది. ఆయన చిన్నబోయి పక్కకి నిలబడ్డారు. వానలో ఎవరూ కదల్లేదు.

దుప్పటి మీద వస్తాదు నోరు కదిలించాడు. పెద్దమ్మ ముందు కూర్చున్న ఒక చిన్నపిల్ల వెనక్కి తిరిగి, వాడేమన్నాడని అడిగింది.

"ఆవు తప్పిపోనాదట. ఎతుక్కుంటా ఒచ్చేడు," అంది పెద్దమ్మ, చేతిలో ఆకు మీంచి చూపు తిప్పకుండా.

పక్క పిల్లలు గట్టిగా చెప్పమన్నారు. ఆవిడ తలెత్తి బొమ్మని చూసింది. ఆ తర్వాత ఆగలేదు. మా కొండ తెలుగులో, మధ్యమధ్య ఆదివాసీ ఒడియా కలిపి, వస్తాదుకి ఒక గొంతు, ముసలావిడకి ఒక గొంతు, మనవలకి ఇంకొకటి. ఆ రబ్బరు జంతువు కూడా అలిగిన ఆవులా మాట్లాడింది. వాళ్ల ఆకాశంలో గడ్డి ఎండిపోయిందట, అందుకే అది మా వైపు దిగొచ్చిందట. వస్తాదు సబ్బు తినేస్తే, ఆకలేసినవాణ్ణి చూసి నవ్వకూడదని ముసలావిడ గొంతుతో మనవల్ని "గుంటల్లారా" అంటూ కసిరింది. హాలంతా నవ్వుల్లో మునిగిపోయింది. నేను మాత్రం బొమ్మని వదిలేసి ఆవిణ్ణే చూస్తున్నాను. ఇన్ని గొంతులు ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకుందో నాకు అంతుబట్టలేదు.

తర్వాత వస్తాదు ఇంటి మెట్ల మీద చతికిలబడతాడు. పిల్లలిద్దరూ వచ్చి చెరో పక్కన కూర్చుంటారు. పెద్దమ్మ చేతిలో పుల్ల ఆగింది. హాల్లో పెంకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. వస్తాదు పెదవులు కదిలాయి.

"నాను పెద్ద మనిసినని అందరూ నాసేత మోయిత్తారు," అందావిడ, తగ్గు స్వరంతో. "నాకూ బరువుగుంటాదా అని ఒక్కులూ అడగనేదు."

ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. మా వరసలో అమ్మ తల దించుకుంది. ఆవిడ మళ్లీ పుల్ల గుచ్చి కథ అందుకుంది. ఆవు దొరికింది, వస్తాదు ఓడెక్కాడు, పిల్లలు చేతులూపారు.

వాన వెలిశాక పెద్దమ్మ మోపు ఎత్తుకోబోయింది. అమ్మ వెళ్లి ఒక పక్క పట్టుకుంది. ఇంకెవరో రెండో పక్క పట్టుకున్నారు. ఆవిడ వాళ్లని కాసేపు వింతగా చూసి, మోపు వదిలేసింది. ఖాళీ చేతులతో మా ముందు నడిచింది. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు చివర పట్టుకుంది.

ఆ తర్వాత పిల్లలు కథ చెప్పమని చాలాసార్లు వెంటపడ్డారు. బొమ్మ లేకుండా తానేం చెప్తానని తప్పించుకునేది. ఇప్పుడు కాఫీ బస్తాలు ఎత్తడానికి ఇద్దరు ముగ్గురు కలిసి వస్తున్నారు. దానికీ సినిమాకీ సంబంధముందని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరాక ఆ సినిమా ఫోన్లో దొరికితే మాటలతో సహా చూశాను. చప్పని జోకులు. వస్తాదు వాళ్ల గ్రహంలో పోలీసు అధికారి అట. మెట్ల మీద అతను పిల్లలతో అనేది ఒక్కటే: మీ సబ్బు రుచిగానే ఉంది గాని కడుపులో బుడగలొస్తున్నాయి.

ఊరెళ్లినప్పుడు ఆ సంగతి పెద్దమ్మకి చెప్పాను. రాగులు చెరుగుతోంది. చేట ఆపి వింది.

"సిగ్గుపడుంటాడు," అంది. "గుంటలు పక్కనున్నారు గదా."