రంగూన్ తాతగారు లేచి నిలబడిన రోజు

మొన్న ఇక్కడ న్యూజెర్సీలో, ఎడిసన్‌లో కూరగాయల కోసం వెళ్తుంటే ఒక ఇంటి ముందు గడ్డిలో ఎన్నికల బోర్డు కనబడింది. నగర కౌన్సిల్‌కు నిలబడిన అబ్బాయి మన తెలుగువాడే. సంతోషించాల్సింది పోయి నాకు మా అత్తగారి నాన్నగారు గుర్తొచ్చి మనసు బరువెక్కింది.

శ్రీకాకుళం వైపు నుంచి చిన్న వయసులో ఓడెక్కి బర్మాలోని రంగూన్ వెళ్ళి, బియ్యం మిల్లు పెట్టి, తెల్లదొరల కాలంలోనే అక్కడి కౌన్సిల్‌కు గెలిచిన మనిషి ఆయన. రేవులో మూటలు మోసే మనవాళ్ళ పాకల దగ్గరకు కుళాయిలు వేయించారట. ఎనభైలలో జెర్సీ సిటీలో మా అపార్ట్‌మెంట్‌కు వచ్చేసరికి మాత్రం ఆయన రాజ్యం గదిని వెచ్చబరిచే రేడియేటర్ పక్క కుర్చీ వరకే. ఇంట్లోనూ కోటూ మంకీ క్యాపూ తీసేవారు కాదు. నా పప్పుచారు రంగూన్‌లోని తన వంటవాడి పప్పుచారుకు సాటిరాదని తీర్పు చెప్పేవారు. రంగూన్ కబుర్లు పప్పుచారు దగ్గరే ఆగిపోయేవి.

ఆ రోజుల్లో మా వీధుల్లో కొందరు కుర్రాళ్ళు మనవాళ్ళ మీద పడి కొట్టడం మొదలుపెట్టారు. బొట్టు కనిపిస్తే చాలు, కారులోంచి తిట్లు, గుడ్లు. నేను ఆఫీస్‌కి చేరాకే బొట్టు పెట్టుకునేదాన్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం తెలుగు కుటుంబాలన్నీ మా హాల్లో కూడాయి. సగం మంది ఇళ్ళు ఖాళీ చేసి పోదామన్నారు. మావారి స్నేహితుడు తాతగారి కుర్చీ దగ్గర కూర్చుని, "మీరు పాలిటిక్స్ చూసినవారు తాతగారూ. ఎవరూ మూవ్ అవ్వొద్దు, ఏం కాదని ఒక్క మాట చెప్పండి. మీరు చెప్తే వింటారు" అన్నాడు.

తాతగారు లేచి నిలబడ్డారు.

"జపానోళ్ళ యుద్ధం వొచ్చినప్పుడూ ఇలాగే అడిగారు బాబూ. దొరలు భయం లేదన్నారు. నేనూ రేవులో బల్లెక్కి అదే సెప్పాను. నా మాట నమ్మి జనం ఆగిపోయారు. బాంబులు పడ్డాక ఓడల్లో చోటు లేదు. కొండలంట నడిసొచ్చాం. దారి పొడుగునా మనోళ్ళ శవాలే. మా ఇంటిదీ ఆ దార్లోనే పోయింది. ఊరందరినీ ఉండమని, నా కూతుర్ని మాత్రం ముందే విశాఖపట్నం ఓడెక్కించేసాను" అన్నారు.

ఆ కూతురు మా అత్తగారే. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నారు. నాన్న తనను సెలవులకు మేనత్త ఇంటికి పంపారనే ఆవిడ అన్నేళ్ళూ అనుకున్నారు.

"ఉండమని నేను సెప్పలేను," అన్నారు తాతగారు. "ఎల్లిపొమ్మనీ సెప్పలేను. మీ పిల్లలు ఎక్కడుంటే మీకు నిద్ర పడతాదో అక్కడుండండి."

అత్తగారు వచ్చి ఆయన్ను చెయ్యిపట్టి కూర్చోబెట్టారు. నేను ఇచ్చిన టీ ఎవరూ ముట్టలేదు.

వేసవి అయ్యేసరికి చాలామంది వెళ్ళిపోయారు. తాతగారు కదలనన్నారు, మేమూ ఉండిపోయాం. ఆ శీతాకాలమే ఆయన పోయారు. ఆ తర్వాత మేమూ ఇల్లు మారాం. ఇప్పుడా వీధిలో ఆడపిల్లలు నిండుగా బొట్టు పెట్టుకుని తిరుగుతుంటారు, పాత సంగతులు వాళ్ళకు తెలియవు. కాలం ఊళ్ళలోని భయాన్ని కడిగేస్తుంది కానీ, నలుగురి ముందు ఇచ్చిన మాటను మాత్రం ఇచ్చినవాడి దగ్గరే వదిలేసి పోతుంది.