హార్లన్ టిడ్వెల్ గెలిచిన తేలికైన కేసు

టెక్సాస్ తూర్పు కొసన ఉన్న మార్షల్ ఊళ్లో హార్లన్ టిడ్వెల్‌కి లాయరుగా పెద్ద పేరేమీ లేదు. వీలునామాలు, పొలం దస్తావేజులు, అప్పుడప్పుడూ ఓ విడాకులు. పేటెంట్ దావాలకు ఆ ఊరి కోర్టు దేశమంతటా పేరుమోసిందే కానీ, వాటికి డాలస్ నుంచి పెద్ద లాయర్లు దిగేవాళ్లు. హార్లన్ వాళ్లకు కారు ఎక్కడ ఆపుకోవాలో చూపించేవాడు. "నా వాదన కన్నా నేను దారి చెప్పడమే బాగుంటుందట" అని తనమీద తనే జోకులేసుకునేవాడు.

అలాంటివాడు వెర్నా స్టూక్స్ కేసు గెలిచాడు. వేటగాళ్లు అడవిలో పెట్టుకునే, జింకలకు మొక్కజొన్న చల్లే డబ్బాలు తయారుచేస్తుంది ఆవిడ. ఆ డబ్బా తమ పేటెంటేనని ఓ కంపెనీ ఆవిడ మీద దావా వేసింది. తన షెడ్డు తాకట్టు పెట్టి హార్లన్‌కి ఫీజు కట్టింది ముసలావిడ.

గెలిచాక హార్లన్ కాళ్లు నేలమీద ఆనలేదు. చర్చి విందులో అదే కథ, మంగలి కుర్చీలో అదే కథ. చెప్పిన ప్రతిసారీ అవతలి పక్షం ఇంకాస్త బలపడేది. ఊరి పత్రికవాళ్లు అడిగితే, "అంత గట్టి కేసు నా జన్మలో చూళ్లేదు. ఇంకొకడైతే ఓడిపోయేవాడే" అన్నాడు.

అక్కడే కొంప మునిగింది. ఆ దేశంలో గెలిచినా ఓడినా ఎవరి లాయరు ఖర్చు వాళ్లదే. పేటెంట్ దావా గెలిచినవాళ్లకు ఆ ఖర్చు అవతలివాళ్ల నుంచి రావాలంటే, వాళ్ల కేసు బొత్తిగా పసలేనిదని జడ్జికి అనిపించాలి. అప్పుడే వెర్నా షెడ్డు విడుదలవుతుంది.

ఆ ఖర్చు ఇప్పించమని హార్లన్ పెట్టిన అర్జీ మీద విచారణ రోజు కోర్టు హాల్లో సగం ఊరు కూర్చుంది. కంపెనీ లాయరు ప్రెస్టన్ లేల్ ఆ పత్రిక చదివి వినిపించి, హార్లన్‌ని మునగచెట్టు ఎక్కించాడు.

"ఇంత గొప్ప లాయరు నాకెప్పుడూ తగల్లేదండీ. మా కేసులో పస ఉంది. ఈయన తెలివి ముందు ఓడిపోయాం."

హార్లన్‌కి నిజంగానే ఒక్క క్షణం హాయిగా అనిపించింది. వెంటనే ఆ హాయి మీద రోత పుట్టింది.

పక్కనున్న వెర్నా గొణిగింది. "నోరు మూసుకునుంటే నీ సొమ్మేం పోయింది బాబూ?"

"నా సొమ్ము పోదు వెర్నమ్మా, నీ షెడ్డు పోతుంది. అదీ నా ఏడుపు."

జడ్జి అడిగాడు. "టిడ్వెల్ గారూ, గట్టి కేసని మీరే అన్నారుగా?"

"కోతలు కోశానండీ. వాళ్ల పేటెంటంతా గింజలు చల్లే చక్రం గురించే. ఈవిడ డబ్బాలో చక్రమే లేదు. మూత తీస్తే కనబడుతుంది. దావా వేసేముందు వాళ్లు మూతైనా తీయలేదు. నేను తీశాను, అంతే."

"మరి మీ తెలివో?"

"అయ్యా, ఆ కేసు నేను గెలిచానండీ! పసలేదనడానికి ఇంకేం రుజువు కావాలి? నా సంగతి ఈ హాల్లో ఎవర్నడిగినా చెబుతారు."

హాలంతా గొల్లుమంది. మంగలి అయితే కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. హార్లన్ నవ్వలేకపోయాడు. జన్మకో విజయం, దాన్ని తన చేత్తోనే చెత్తబుట్టలో వేశాడు.

లాయరు ఖర్చంతా కంపెనీయే కట్టాలని జడ్జి తీర్పు చెప్పాడు.

బయటికొచ్చాక వెర్నా అతని చెయ్యి పట్టుకుంది. "అందరి ముందూ పరువు తీసుకున్నావు కదయ్యా, నాకోసం."

"ఉన్నదే కాస్త, వెర్నమ్మా," అన్నాడు హార్లన్. "నీ షెడ్డుకి సరిపోయింది, అదే గొప్ప."