నాగమల్లేశ్వరి బాయిలర్ వెలిగించిన రోజు

నలభై ఏడేళ్ల వయసులో నాగమల్లేశ్వరికి వ్యాన్ పిచ్చి పట్టుకుంది. కారు కాదు, కార్లు వాళ్లింట్లో రెండున్నాయి. పైన నిచ్చెన, లోపల అరల నిండా పానాలు గలగలలాడే తెల్ల వ్యాన్ కావాలి. అమెరికాలో, ఎడిసన్‌లో ఆవిడ పనిచేసే హీటింగ్ కంపెనీలో, నీళ్లు కాచి భవనాన్ని వెచ్చబెట్టే బాయిలర్‌ని ఒంటరిగా వెలిగించి, మంట సరిచేయగలిగినవాళ్లకే ఆ వ్యాన్ ఇస్తారు. మిగతావాళ్లు పక్క సీట్లో కూర్చుని ఫిల్టర్లు మోయాల్సిందే. ఆవిడ చేరిన దగ్గర్నుంచీ పక్క సీటే.

అంతకుముందు ఓక్ ట్రీ రోడ్డు మీద కిరాణాకొట్లో బిల్లులు కొట్టేది. ఓ చలికాలం ఆ కొట్టు హీటర్ చచ్చిపోతే, బాగుచేయడానికొచ్చిన మనిషి వెనకాల నిలబడి చిన్న అద్దంలోంచి లోపలి నీలిమంట చూసింది. అంతే, మనసు పారేసుకుంది. ఉన్నపళంగా కమ్యూనిటీ కాలేజీలో చేరిపోయింది. మొగుడు సత్యం సాఫ్ట్‌వేర్ మనిషి. "ఇంట్లో స్టవ్ చాల్లేదా నీకు?" అన్నాడు.

"దాని పొగ మీటర్ పెట్టి కొలవనివ్వరుగా!" అంది ఆవిడ.

చివరికి బాస్ డాన్ పిలిచి, తెలుగు సంఘం హాల్లో కొత్త బాయిలర్ బిగించారనీ, శనివారం ఒక్కతే వెళ్లి వెలిగించి రమ్మనీ చెప్పాడు. సాయం కోసం తనకి ఫోన్ చేయకుండా పని ముగిస్తే వ్యాన్ ఆవిడదే. ఫోన్ చేస్తే మళ్లీ పక్క సీటు. ఆ రాత్రి ఆవిడకి కంటి మీద కునుకు లేదు.

శనివారం హాలుకి వెళ్లగానే బయట గోడ వెనక్కి వెళ్లి, బాయిలర్ గాలి పీల్చుకునే పైపూ పొగ వదిలే పైపూ శుభ్రంగా ఉన్నాయని చూసుకుంది. లోపలికొచ్చేసరికి సంఘం ప్రెసిడెంట్ విశ్వనాథంగారు కొబ్బరికాయతో ఎదురయ్యారు. ఈయన కారు డిక్కీలో స్టెప్నీ ఉంటుందో లేదో గానీ శాలువాలు మాత్రం డజన్లకొద్దీ ఉంటాయి. ఎడిసన్‌లో ఆయన చేత శాలువా కప్పించుకోని తెలుగువాడు దొరకడం కష్టం.

"కొత్త మెషీన్ కదమ్మా, పూజ చేయకుండా ఎలా స్టార్ట్ చేస్తాం?" అన్నారు.

"గ్యాస్ గది బాబాయిగారూ! కర్పూరం లేదు, అగరొత్తుల్లేవు. ఇక్కడెవరూ దేన్నీ ముట్టుకోకూడదు. ఏం చేసుకున్నా బయటికెళ్లి చేసుకోండి."

"అలాగేనమ్మా, బయటే చేసుకుంటాం," అన్నారాయన, బుద్ధిమంతుడిలా.

ఆవిడ తలుపేసుకుంది. మీటర్ సిద్ధం చేసుకుని, గ్యాస్ ఒత్తిడి చూసుకుని, స్విచ్ నొక్కింది. ఫ్యాన్ తిరిగింది, నిప్పురవ్వ టక్కుమంది, భుస్సుమని మంట అందుకుంది. పొగగొట్టంలో మీటర్ గొట్టం దూర్చింది.

ఇక్కడే ఉంది కిటుకంతా. మంటకి గాలి తక్కువైతే గ్యాస్ సరిగ్గా కాలక విషవాయువు పుడుతుంది. ఎక్కువైతే వేడంతా పొగగొట్టం పాలవుతుంది. మధ్యలో మంటని నిలబెట్టాలి. ఆ విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్, మీటర్ మీద వంద లోపుండాలి. మీటర్ నాలుగొందలు చూపించింది!

వాల్వ్ మీది మర కొంచెం తిప్పి గ్యాస్ తగ్గించింది. అంకె కాస్త దిగి, మళ్లీ పైకెగబాకింది. ఇంకొంచెం తిప్పింది. ఊహూ. భయమేసి బాయిలర్ ఆపేసింది. అవతల హాల్లో డ్యాన్స్ క్లాసుకొచ్చిన పిల్లలు కాళ్లకి గజ్జెలు, ఒంటి మీద కోట్లు తొడుక్కుని వణుకుతున్నారు. ఏడుపు తన్నుకొచ్చింది. ఫోన్ తీసి డాన్ నంబర్ మీద వేలు పెట్టింది.

విశ్వనాథంగారు తలుపు సందులోంచి తొంగిచూశారు. "ఏమ్మా, వేడి రావట్లేదేం?"

"అలిగింది బాబాయిగారూ."

"సన్మానం చేసినా అలకేనా?"

వేలు ఫోన్ మీదే ఆగిపోయింది. "ఎవరికి సన్మానం?"

"బాయిలర్‌కమ్మా! నువ్వు లోపల ముట్టుకోవద్దన్నావుగా. బయట దాని పైపు కనిపిస్తే అక్కడే కానిచ్చేశాం."

ఆవిడ పరుగో పరుగు. గోడ వెనక, గాలి పీల్చుకునే పైపు బొట్టు పెట్టుకుని, బంతిపూల దండ వేసుకుని, మూతి నిండా జరీ అంచు మెరూన్ శాలువా కప్పుకుని పెళ్లిపెద్దలా నిలబడి ఉంది.

"గాలికి ఎగిరిపోకుండా పిన్నీసులు కూడా పెట్టాం," అన్నారు వెనకే వచ్చిన విశ్వనాథంగారు, గర్వంగా.

కోప్పడదామని నోరు తెరిచింది. నవ్వొచ్చేసింది. ఆ నవ్వు ఆగలేదు. పాపం, ఊపిరాడని బాయిలర్‌ని పట్టుకుని తను మరలు తిప్పుతూ కూర్చుంది! మంచులోనే చతికిలబడి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ పిన్నీసులు విప్పింది. ఎందుకో తెలియకపోయినా ఆయన కూడా నవ్వడం మొదలెట్టారు.

పని ఇంకా మిగిలే ఉంది. ఇందాక గ్యాస్ తగ్గించేసింది కాబట్టి ఇప్పుడు గాలి ఎక్కువైపోయింది. బాయిలర్ మళ్లీ వెలిగించి, మర వెనక్కి తిప్పి, పెద్ద మంట మీద ఒకసారి, చిన్న మంట మీద ఒకసారి ఓపిగ్గా సరిచేసింది. అంకెలు చెప్పిన మాట విన్నాయి. అద్దంలోంచి నీలిమంట కదలకుండా కనిపించింది. హాల్లో పైపులు వేడెక్కి, పిల్లలు కోట్లు విసిరేసి గజ్జెలు ఘల్లుమనిపిస్తూ పరిగెత్తారు.

అప్పుడు డాన్‌కి ఫోన్ చేసి అంకెలు చదివింది. ఇంత ఆలస్యమెందుకైందని అడిగాడు. దాచకుండా, శాలువా ఎవరికి కప్పుతారో కూడా చెప్పేసింది.

"గొప్ప పని చేసినవాళ్లకి కప్పుతారన్నావు కదా. అది ఇంకా స్టార్టే కాలేదుగా?" అన్నాడు.

"మావాళ్లు కొంచెం అడ్వాన్స్," అంది.

డాన్ పగలబడి నవ్వాడు. తానైతే సాయంత్రం దాకా ఆ మర తిప్పుతూనే ఉండేవాణ్ననీ, సోమవారం పొద్దున్నే వచ్చి వ్యాన్ తాళాలు తీసుకోమనీ అన్నాడు.

ఫోన్ పెట్టేసి, బాయిలర్ గదిలో ఎవరూ చూడకుండా ఓ గిరికీ కొట్టింది. తర్వాత మొగుడికి ఫోన్ చేసింది.

"ఏమండీ, రాత్రికి మీ ఒక్కరికే వండుకోండి."

"అదేంటి, నువ్వు తినవూ?"

"వ్యాన్ ఇచ్చారండీ! నాకు కడుపు నిండిపోయింది."