తోడల్లుడి అప్పుకి హామీ సంతకం

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది నన్ను జురాంగ్ ఐలాండ్ అనే పరిశ్రమల దీవిలోని ఒక రసాయన కర్మాగారంలో సెక్యూరిటీ వెట్టింగ్ సీనియర్ ఆఫీసరుగా వేశారు. రిటైరయ్యే ముందు అదే నా ఆఖరి పోస్టింగు. కంట్రోల్ రూమ్‌లో పనిచేయాల్సిన ప్రతి ఒక్కరి గతాన్నీ, ఆర్థిక పరిస్థితినీ పరిశీలించి, క్లియరెన్స్ ఇవ్వచ్చో లేదో సిఫారసు చేయడం మా పని. తుది నిర్ణయం చీఫ్‌ది.

అప్పుంటే క్లియరెన్స్ రాదని చాలామంది అనుకుంటారు. ఈ ఊళ్లో ఫ్లాటు లోను లేనివాడి కోసం చూస్తే గేటు దగ్గర కాపలాకి కూడా మనిషి దొరకడు. ఆ అప్పును అడ్డం పెట్టుకుని ఇతన్ని ఎవరైనా లొంగదీసుకోగలరా అన్నదే మేం చూసేది.

శ్రీనివాస్ కాకినాడ నుంచి వచ్చిన ప్రాసెస్ ఇంజినీరు. పనిలో వేలెత్తి చూపడానికి లేదు. డిక్లరేషన్‌లో అప్పులు లేవని రాశాడు. అతని అనుమతితో తెప్పించిన రుణ నివేదికలో మాత్రం ఒక పెద్ద రుణానికి హామీదారుగా అతని పేరుంది, పైగా వాయిదాలు తప్పాయి. క్లియరెన్స్ రాకపోతే ఆ ఉద్యోగం ఉండదు. ఉద్యోగం పోతే వర్క్ పాస్ పోతుంది, భార్యనీ కూతురినీ తీసుకుని దేశం వదలాలి.

ఇంటర్వ్యూలో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. “అప్పు నాది కాదు కదండీ మేడమ్, మా తోడల్లుడిది. జస్ట్ సైన్ పెట్టానంతే,” అన్నాడు. తోడల్లుడు పాయా లేబర్ అనే పేటలో టిఫిన్ల దుకాణం పెట్టి నష్టపోయాడట. నాకు ఒళ్లు మండింది. మొహమాటానికి సంతకం పెట్టేసి, ఆనక అది తనది కానట్టు మాట్లాడడం మనవాళ్లకే చెల్లింది. తీసుకున్నవాడు కట్టకపోతే హామీదారే కట్టాలని చెప్పి, ఇంట్లో తెలుసా అని అడిగాను.

“అమ్మో, తెలీదండీ. వాళ్లక్క కాపురం సంగతి. మా ఆవిడకి తెలిస్తే అక్కాచెల్లెళ్ల మధ్య మాటలుండవు.”

నేను భయపడింది సరిగ్గా దానికే. మీ ఆవిడకు చెప్పేస్తానని ఎవరైనా బెదిరిస్తే అతను ఏ తలుపైనా తీయొచ్చు. చీఫ్ తిరస్కరించేద్దామన్నారు. నేను వారం గడువు అడిగాను. ఈలోగా డిక్లరేషన్ సరిదిద్దాలి, అప్పిచ్చినవాళ్లతో వాయిదాల ఒప్పందం కుదుర్చుకోవాలి, భార్యకు చెప్పాలి. మొదటి రెండింటికీ తలూపాడు. మూడోదానికి నీళ్లు నమిలాడు.

వారం తిరక్కుండానే వచ్చాడు. ఆవిడేమందని అడిగాను.

“నేను సైన్ పెట్టిన రోజే వాళ్లక్క ఫోన్ చేసి చెప్పేసిందంటండీ. నేనెప్పుడు నోరు విప్పుతానా అని చూస్తుందంట. దుకాణం సామాను అమ్మించి అప్పు కట్టించేలా ఇద్దరూ ఎప్పుడో మాట్లాడేసుకున్నారు.”

ఆఫీసని కూడా చూడకుండా పకపకా నవ్వాను. పాపం, కాసేపటికి అతనూ నవ్వాడు.

సవరించిన డిక్లరేషన్, వాయిదాల ఒప్పందం చూసి చీఫ్ షరతులతో క్లియరెన్స్ ఇచ్చారు. ఆరు నెలల తర్వాత సమీక్షలో షరతులు ఎత్తేశారు. శ్రీనివాస్ ఇప్పుడు అక్కడే షిఫ్ట్ ఇన్‌చార్జి. నాకు చాలా సంతోషం.

ఆ తర్వాత నేను చేసిన ప్రతి ఇంటర్వ్యూలో అప్పెంత అని అడిగేముందు, అది ఎవరికి తెలియకూడదని అడిగేదాన్ని. అప్పెంతో తప్పు చెప్పినవాళ్లు ఎందరో ఉన్నారు గానీ, ఆ ప్రశ్నకు మాత్రం మొహమే జవాబు చెప్పేసేది.