మా పిన్ని బూడిదసీమ

తణుకు దగ్గర మా ఊళ్లో ఎటు చూసినా పచ్చని చేలే. మా పిన్ని చింతపండు గింజలు తీస్తూ చెప్పే కథలన్నీ మాత్రం బూడిదసీమలో జరిగేవి. అక్కడ వాన పడదు, గడ్డి మొలవదు, పిట్ట వాలదు. ఇంటికి కేబుల్ టీవీ వచ్చాక కూడా మేం ఆ కథలు వదల్లేదు.

అరుగు మీద పడుకుని వినే తాతయ్యకి, అంటే ఆవిడ మామగారికి, ఆ ఎండిన నేల సహించేది కాదు.

"ఓ కాలవ తవ్వించమ్మా, రెండు పంటలు పండుతాయి," అనేవారు.

ఆయనెదుట ఎన్నడూ గొంతెత్తని పిన్ని ఒకరోజు గింజలు తీయడం ఆపేసింది.

"వద్దండి మావయ్యగారూ. ఇక్కడ ప్రతి గట్టూ మీరు చెప్పినట్టే ఉంది. అదొక్కటీ నాది. ఎండనివ్వండి."

తాతయ్య మర్నాడు కథవేళకి గుమ్మం దగ్గరే ఆగి, "మీ సీమలోకి నేనూ రావచ్చా?" అన్నారు.

పిన్ని తలెత్తకుండానే చెప్పింది.

"రండి. పార మాత్రం బయట పెట్టి రండి."